విదేశీ ద్రాక్ష కటింగులకు ఏడాది క్వారంటైన్: 80తో మొదలై 27 దగ్గర ఆగిన లెక్క

హైదరాబాద్ శివార్లలోని మా నర్సరీ విదేశం నుంచి ద్రాక్ష కటింగులు తెప్పించింది. నెట్‌హౌస్ కాపలా, వైరస్ పరీక్షలు రెండూ నా నెత్తిన పడ్డాయి. అనుమతి ఎలా దొరికింది, పెట్టె వచ్చిన రోజు ఎంత సంబరపడ్డాం అన్నవి వదిలేస్తున్నాను. మేం చెడగొట్టినవి, వాటిని సరిచేసిన తీరు మాత్రం పూసగుచ్చినట్టు రాస్తాను. ఇదే పని పెట్టుకున్నవాళ్ళు మా తప్పులు మళ్ళీ చేయనక్కర్లేదు.

దశ 1: జనవరి. పెట్టె, కాగితాలు, గది

మొక్కల దిగుమతికి మన దగ్గర 1914 నాటి చట్టం, దాని కింద 2003లో వచ్చిన ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఉన్నాయి. నాటే సరుకు కావాలంటే ముందు దిగుమతి పర్మిట్ తీసుకోవాలి. పంపే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ (మొక్కల ఆరోగ్య) సర్టిఫికెట్ సరుకుతోపాటు రావాలి. రేవులో తనిఖీ అయ్యాక, అధికారులు ఒప్పుకున్న గదిలో పర్మిట్‌లో రాసినంత కాలం విడిగా పెంచాలి. మా పెట్టె చెన్నైలో దిగింది. గది ఒప్పుకోలు కాగితం చేతికి రాకముందు సరుకు బయల్దేరదీయొద్దు. మాకు నాలుగు రోజుల తేడాతో గండం గడిచింది.

పెట్టెలో వచ్చినవి: క్రిమ్సన్ సీడ్‌లెస్ 30, ఆటమ్ రాయల్ 20, 110ఆర్ రూట్‌స్టాక్ (పైన వేరే రకాన్ని అంటుకట్టే వేరుమొక్క) 20, కాబర్నే ఫ్రాంక్ 10. ఆఖరిది పండ్లకోసం కాదు. లీఫ్‌రోల్ వైరస్ సోకితే దాని ఆకు ఎర్రబడి అంచులు కిందికి చుట్టుకుంటాయి. అందుకే దాన్ని సూచిక మొక్కగా వాడతారు. మా సూచిక మొక్కలు కూడా అదే పెట్టెలో వచ్చాయి కాబట్టి అవీ నిందితులే. ముందు వాటికి పరీక్ష చేయాలి, ఆ తర్వాతే వాటి సాక్ష్యం తీసుకోవాలి.

నెట్‌హౌస్‌లో పెట్టుకున్నవి:

1. 50 మెష్ నెట్, రెండు తలుపులు. ఒకటి మూసుకున్నాకే రెండోది తెరవాలి.
2. గడప దగ్గర పాదాల తొట్టి, లోపలికి వేరే చెప్పులు, వేరే కోటు.
3. మట్టి లేదు. కోకోపీట్, కడిగిన ఇసుక. కోకోపీట్‌ను మూడుసార్లు కడిగితే ఈసీ (ఉప్పు మోతాదు) 1.9 నుంచి 0.5కు దిగింది.
4. కుండీలు నేల మీద కాదు, ఇనుప బల్లల మీద.
5. కారే నీళ్ళు బయటి కాలువలోకి పోకుండా విడి గుంట.

చెకింగులో మూడు ఆటమ్ రాయల్ కటింగుల మీద బూడిదరంగు బూజు కనిపించింది. సంచీలో కట్టి కాల్చేశాం.

లెక్క: వచ్చినవి 80. తీసేసినవి 3. మిగిలినవి 77.

దశ 2: జనవరి చివర. వేడినీళ్ళ స్నానం

ఒక మాట ముందే చెప్పాలి. వేడినీళ్ళు వైరస్‌ను చంపవు. 50 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ముంచేది ఫిలాక్సెరా (ద్రాక్ష వేర్లను పీల్చే పురుగు) గుడ్లకోసం, నులిపురుగులకోసం. కాండం మీద కణుతులు తెచ్చే క్రౌన్ గాల్ బ్యాక్టీరియా కూడా దీనివల్ల తగ్గుతుంది తప్ప పూర్తిగా పోదు. "మేం వేడినీళ్ళలో ముంచాం, వైరస్ భయం లేదు" అని ఒక నర్సరీ ఆయన నాతో ధీమాగా అన్నాడు. ఆయన దగ్గర మొక్కలు కొనేవాళ్ళను తలుచుకుంటే జాలేసింది.

మేం చేసిన వరస:

1. 30 డిగ్రీల నీళ్ళలో అరగంట.
2. 50 డిగ్రీల్లో 30 నిమిషాలు.
3. వెంటనే చల్లనీళ్ళలో అరగంట.
4. నీడన ఆరబెట్టి, తడి గుడ్డలో చుట్టి ఒక రాత్రి చల్లటిచోట.

60 లీటర్ల స్టీల్ టబ్బు, అడుగున హీటర్ కాయిల్, ఒక థర్మోస్టాట్. మొదటి రోజు క్రిమ్సన్ 30, కాబర్నే ఫ్రాంక్ 10 ముంచాం. థర్మోమీటర్ ఒక్కటే, అది టబ్బు మధ్యలో వేలాడుతోంది. సరిగ్గా 50 చూపించింది. కట్టలు బయటికి తీసేటప్పుడు మా తోట పెద్దాయన టబ్బులో చెయ్యి పెట్టి "పైన మండుతున్నది బిడ్డా, కింద ఏముంది, గోరువెచ్చగనే ఉన్నది" అన్నాడు. మూడు థర్మోమీటర్లు తెచ్చి కొలిచాం. పైన 53.8, మధ్యలో 50, ఒక మూల అడుగున 46.5. తేడా ఏడు డిగ్రీల పైమాటే. పైన తేలిన కటింగులు ఉడికిపోయాయి. అడుగు మూలకు పోయినవాటి మీద పురుగు గుడ్లు ఉంటే వాటికి మేం తలంటు మాత్రమే పోశాం.

రెండో రోజుకి ఎయిర్ కూలర్‌లో వాడే నీళ్ళ పంపు కొని టబ్బులో దించి, నీళ్ళు గిరగిరా తిరిగేలా పెట్టాం. పైకీ కిందికీ తేడా 0.4కు దిగింది. వేడికి ఆ పంపు గంటన్నరలో కాలిపోయింది. రెండోది ముందే కొని పక్కన పెట్టుకోండి, చవకే. ఆటమ్ రాయల్ 17, 110ఆర్ 20 ఈ పద్ధతిలో ముంచాం. అడుగు మూలన పడ్డవి ఏవో గుర్తు లేదు. 40 కటింగులూ మళ్ళీ ముంచితే బతికినవీ పోతాయి. అందుకని వాటి కుండీలను విడి బల్ల మీద పెట్టి, నెలకోసారి రెండేసి కుండీల వేర్లు కడిగి చూశాం. ఏడాదిలో పురుగు జాడ కనపడలేదు.

అదే రోజు ఇంకో తప్పు జరిగింది. దాని బరువు పది నెలల తర్వాతగానీ తెలియలేదు. 110ఆర్ కటింగులు రెండు కట్టలుగా వచ్చాయి. ఒకదానికి తెల్ల దారం, ఒకదానికి నీలం దారం, ఒక్కో కట్ట ఒక్కో తల్లితీగది. కట్టలోపలికి నీళ్ళు పట్టాలని దారాలు విప్పి 20 కటింగులనూ ఒకే వల సంచీలో వేశాను. సరఫరాదారు కట్టిన కాగితం చీటీలు 50 డిగ్రీల నీళ్ళలో గుజ్జయిపోయాయి. ఏ కటింగు ఏ తల్లిదో ఇక దేవుడికే ఎరుక. ఇప్పుడైతే ప్రతి కటింగుకీ అల్యూమినియం రేకు ముక్క, దాని మీద మేకుతో గీసిన నంబర్, సన్న తీగతో కట్టడం, ఇవన్నీ అయ్యాకే నీళ్ళలోకి దించుతాను.

దశ 3: ఫిబ్రవరి, మార్చి. చిగుళ్ళు

అడుగు కొసను 2,000 పీపీఎం ఐబీఏలో (వేర్లు పుట్టించే హార్మోన్) ఐదు సెకన్లు ముంచి నాటాం. నాలుగు వారాలకు తేడా కళ్ళకు కట్టింది. రెండో రోజు ముంచిన 37లో 33 చిగురించాయి. మొదటి రోజు 40లో 17 (క్రిమ్సన్ 12, కాబర్నే ఫ్రాంక్ 5).

చిగురించని కటింగు మొగ్గను బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. బతికిన మొగ్గలో మధ్యన పెద్దది, పక్కన చిన్నవి, అన్నీ లేత పచ్చగా ఉంటాయి. మావి వేయించిన ధనియాల రంగులో ఉన్నాయి. కొన్నింట్లో మధ్య మొగ్గ మాడినా పక్క మొగ్గ పచ్చగా ఉంది. అలాంటివాటిని ఇంకో మూడు వారాలు ఉంచితే రెండు చిగురించాయి, ఆ రెండూ పై 17లోవే. తొందరపడి పారేయొద్దు.

మార్చి రెండో వారంలో ఫ్యాన్‌లీఫ్ వైరస్‌కు ఎలైజా (ఆకు రసంలో వైరస్‌ను రంగు మార్పుతో పట్టే పరీక్ష) పెట్టాం. ఇది లేత ఆకుల్లో, ఎండ ముదరకముందు బాగా దొరుకుతుంది. వేడికి దాని మోతాదు పడిపోతుంది. లీఫ్‌రోల్‌ది సరిగ్గా తలకిందులు: సీజన్ చివర, తీగ మొదట్లోని ముదురు ఆకుల కాడల్లో చూడాలి. ఒకే రోజు ఒకే ఆకు కోసి రెండింటికీ పరీక్ష చేస్తే ఒకదానికి తప్పు జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఫ్యాన్‌లీఫ్ 50లో 50 నెగెటివ్.

లెక్క: 77లో చిగురించినవి 50. క్రిమ్సన్ 12, ఆటమ్ రాయల్ 15, 110ఆర్ 18, కాబర్నే ఫ్రాంక్ 5.

దశ 4: ఏప్రిల్, మే

50 మెష్ నెట్ పురుగునే కాదు, గాలినీ ఆపుతుంది. మే మొదటి వారంలో బయట 41 ఉంటే లోపల 46. ఫాగర్ నడిపితే 38కి దిగింది గానీ కోకోపీట్ ఎప్పుడూ పిండితే నీళ్ళు కారేలా ఉండి, మూడు ఆటమ్ రాయల్, రెండు క్రిమ్సన్ మొక్కల వేర్లు కుళ్ళాయి. ఫాగర్‌ను గంటకు రెండు నిమిషాలకు తగ్గించి, పైన 50 శాతం షేడ్ నెట్ వేసి, మిశ్రమంలో మూడోవంతు పెర్లైట్ కలిపాక ఆగింది.

లెక్క: 50లో పోయినవి 5. మిగిలినవి 45.

దశ 5: జూన్. "అన్నీ నెగెటివ్"

లీఫ్‌రోల్-1, 2, 3, ద్రాక్ష వైరస్-ఎ, అరబిస్ మొజాయిక్, వీటన్నిటికీ ఎలైజా పెట్టాం. ప్లేటులో వైరస్ ఉంటే గుంట పసుపుపచ్చగా మారుతుంది, దాన్ని 405 నానోమీటర్ల వద్ద చదువుతాం. ఆరోగ్యమైన మొక్క రీడింగుకు రెట్టింపు దాటితే అనుమానించాలి.

ఆ "ఆరోగ్యమైన మొక్క" ఎక్కడిది? కిట్‌తో నెగెటివ్ కంట్రోల్ ఒకటి వచ్చింది. కానీ మన నేల మీద పెరిగిన ద్రాక్షే అయితే పోలిక ఇంకా బాగుంటుందని నాకు తోచింది. నర్సరీ వెనక పాత థాంప్సన్ సీడ్‌లెస్ తీగ ఒకటుంది, నవనవలాడుతూ. దాని ఆకే కోసి వాడాను. రీడింగ్ 0.52. కిట్‌లోది 0.09. అంత తేడా ఎందుకని ఆగాల్సింది. "ముదురు ఆకులో ఫినాల్స్ (వగరు పదార్థాలు) ఎక్కువ, అందుకే బ్యాక్‌గ్రౌండ్" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. 0.52కు రెట్టింపు 1.04. ఆ గీత దాటినది ఒక్కటీ లేదు. 45కి 45 నెగెటివ్ అని రిజిస్టర్‌లో రాసి, మా నర్సరీ సారుకి ఫోన్ చేసి చెప్పాను కూడా. ఆ రిజిస్టర్ పేజీ ఇప్పటికీ ఉంది, ఎర్ర ఇంకుతో కొట్టేసి.

దశ 6: జూలై. ఆర్‌ఎన్‌ఏ తీయడం

ఎలైజాకు దొరకనంత తక్కువ వైరస్ ఆర్‌టీ-పీసీఆర్‌కు (వైరస్ ఆర్‌ఎన్‌ఏను లెక్కకు మించి పెంచి పట్టే పరీక్ష) దొరుకుతుంది. అయితే ద్రాక్ష ఆకులో ఫినాల్స్, జిగురు చక్కెరలు మెండు. అవి ఆర్‌ఎన్‌ఏతో కలిసి వచ్చి పీసీఆర్‌ను నొక్కేస్తాయి. అన్ని మొక్కలకూ పనికొస్తుందన్న రెడీమేడ్ కిట్‌తో మొదలుపెడితే కాలమ్‌లో గోధుమరంగు జిగురు పేరుకుని నీళ్ళే దిగలేదు. ఆర్‌ఎన్‌ఏ ఎంత శుభ్రమో చెప్పే 260/280 నిష్పత్తి 1.5, 260/230 మరీ ఘోరంగా 0.4.

పీసీఆర్‌లో అన్ని వైరస్‌లకూ మళ్ళీ నెగెటివే. కానీ ఈసారి ఒక పని సరిగా చేశాం. ప్రతి శాంపిల్‌లో ద్రాక్ష సొంత 18ఎస్ జన్యువుకు కూడా పరీక్ష పెట్టాం. ఆకు ద్రాక్షది కాబట్టి అది వచ్చి తీరాలి. 45లో 14 శాంపిళ్ళలోనే వచ్చింది. మిగతా 31లో ద్రాక్ష ఆకులో ద్రాక్షే లేదన్నమాట! అలాంటి ట్యూబ్‌లో వైరస్ లేదని చెప్పడానికి మనమెవరం? ఇంటర్నల్ కంట్రోల్ లేని నెగెటివ్ రిపోర్టు ఎవరిచ్చినా వెనక్కి పంపండి.

సీటాబ్ (జిగురును విడదీసే ఒక డిటర్జెంట్) పద్ధతికి మారాం:

1. ఆకు కాడ 100 మిల్లీగ్రాములు. ద్రవ నైట్రోజన్‌లో పొడి అయ్యేదాకా నూరాలి. పశువుల డాక్టర్లు వీర్యం స్ట్రాలు దాచే 3 లీటర్ల డబ్బా లాంటిదే మేమూ సంపాదించాం.
2. 65 డిగ్రీలకు వేడిచేసిన సీటాబ్ బఫర్ 1 మి.లీ. అందులో 2 శాతం పీవీపీ. 2 శాతం బీటా-మెర్కాప్టోఇథనాల్ అప్పటికప్పుడు కలపాలి. కుళ్ళిన గుడ్ల కంపు, ఫ్యూమ్ హుడ్ లేకుండా మూత తీయొద్దు.
3. 65 డిగ్రీల్లో 20 నిమిషాలు, మధ్యమధ్య తిప్పుతూ.
4. క్లోరోఫాం, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమంతో రెండుసార్లు. పై పొర తీసేటప్పుడు ఆశపడి మధ్య పొరను కదిలించొద్దు.
5. పై పొరలోంచి 200 మైక్రోలీటర్లు విడి ట్యూబ్‌లో దాచాలి.
6. మిగతాదానికి లిథియం క్లోరైడ్ కలిపి 4 డిగ్రీల్లో రాత్రంతా ఉంచాలి. తెల్లారి తిప్పితే ఆర్‌ఎన్‌ఏ అడుగుకు దిగుతుంది.

ఐదో మెట్టు మొదటిసారి మాకు తట్టలేదు. మా జాబితాలోని రెడ్ బ్లాచ్ వైరస్ జన్యువు ఆర్‌ఎన్‌ఏ కాదు, డీఎన్‌ఏ. లిథియం క్లోరైడ్ ఆర్‌ఎన్‌ఏనే దించుతుంది, డీఎన్‌ఏ పైనీళ్ళలో ఉండిపోతుంది. ఆ పైనీళ్ళను రెండు రోజులపాటు సింకులో పారబోశాక గుర్తొచ్చింది. 12 శాంపిళ్ళు మళ్ళీ తీయాల్సొచ్చింది.

కొత్త పద్ధతిలో 260/280 నిష్పత్తి 2.0, 260/230 నిష్పత్తి 1.9. 18ఎస్ 45కి 45. రీఏజెంట్ ఖర్చు కలిసొస్తుందని ఐదేసి శాంపిళ్ళు కలిపి తొమ్మిది పూల్స్ చేసి రియల్ టైమ్ పీసీఆర్ మెషిన్‌లో పెట్టాం. మెషిన్ తెర మీద లీఫ్‌రోల్-3 గీత అందరికంటే ముందు ఎవరిది లేచిందో తెలుసా? ఆరోగ్యమైన మొక్క అని నేను నమ్ముకున్న వెనకతోట థాంప్సన్‌ది. సీటీ 21. కోవిడ్ రోజుల్లో అందరి నోళ్ళలో నానిన సీటీ విలువే ఇదీ. ఎంత తక్కువైతే అంత ఎక్కువ వైరస్. థాంప్సన్ తెల్ల ద్రాక్ష. లీఫ్‌రోల్ ఉన్నా దాని ఆకు ఎర్రబడదు, మహా అయితే కాస్త పాలిపోతుంది. జూన్ ప్లేటులో గీత గీయడానికి నేను వాడింది రోగిష్టి మొక్కను.

తొమ్మిది పూల్స్‌లో ఒకదానికి, 110ఆర్-06 నుంచి 10 వరకు ఉన్నదానికి, సీటీ 35.8 వచ్చింది. థాంప్సన్ గుంట నుంచి తుంపర పడిందేమో అనుకుని మళ్ళీ పెడితే ఏమీ రాలేదు. "కలుషితం" అని రాసి వదిలేశాను. ఈ డైరీ మొత్తంలో నాకు ఎక్కువ సిగ్గుగా ఉన్న వాక్యం ఇదే. ఐదు కలపడం వల్ల సీటీ జరిగేది రెండు సైకిళ్ళ పైన కొద్దిగా, అంతే. ఆ పూల్‌లో ఒక మొక్కకు వైరస్ ఉంటే విడిగా 33 చుట్టూ రావాలి. ఆ ఐదింటినీ విడివిడిగా పెట్టడానికి ఒక పూట చాలు. నేను ఆ పూట పెట్టలేదు.

ఆరోగ్యమైన కంట్రోల్ సంగతి: లీఫ్‌రోల్ వైరస్ గింజ ద్వారా రాదు. కాబట్టి గింజ నుంచి లేచిన ద్రాక్ష మొలకే నమ్మదగ్గ కంట్రోల్. మరి మన పళ్ళ దుకాణాల్లో ఎక్కువగా సీడ్‌లెస్సే. ఆగస్టు మొదట్లో పెద్దాయన తెలిసినవాళ్ళ ఇంటి పందిరి నుంచి అనాబ్-ఎ-షాహీ గుత్తి ఒకటి తెచ్చాడు. ఆయన కుర్రతనమంతా హైదరాబాద్ చుట్టూ ఆ పందిళ్ళ కిందే గడిచింది, గింజ ఉన్న ద్రాక్ష అంటే ఆయనకు ఇప్పటికీ మోజు. పళ్ళు ఆయన తిన్నాడు, గింజలు నేను తీసుకున్నాను. తడి ఇసుకలో పెట్టి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల్లో 90 రోజులు. ఇది సరుకు రాకముందే చేసి పెట్టుకోవాల్సిన పని.

లెక్క: 45. పాజిటివ్ 0, నా నమ్మకం కూడా సున్నాకు దగ్గర్లోనే.

దశ 7: ఆగస్టు. చీమలు

ఆగస్టు 19న 110ఆర్ బల్ల మీద, 11వ కుండీలో, ఆకు కాడ మొదట్లో పిండి చల్లినట్టు తెల్లటి మచ్చ. లెన్స్‌లో చూస్తే గులాబీరంగు పిండినల్లి, ఒక తల్లి, దాని చుట్టూ పిల్లలు. లీఫ్‌రోల్-3ను తీగ నుంచి తీగకు మోసేది పిండినల్లులు, మెత్తటి పొలుసు పురుగులే. రెండు తలుపులు, 50 మెష్ దాటి ఎలా వచ్చింది? బల్ల కాలు వెంట చీమల బారు కనిపించింది. నీళ్ళ గుంట పైపు చుట్టూ సిమెంటు పగిలి వేలెడు సందు. చీమకు పిండినల్లి స్రవించే తేనె కావాలి. ఆ ఆశతో వాటి వెంట తిరుగుతుంది, పిల్లలను మోసుకొస్తుంది కూడా.

1. ఆ కుండీలో నల్లులున్న రెమ్మను సంచీ తొడిగి కోశాం. మిగతా మొక్కను స్పిరిట్ దూదితో తుడిచాం.
2. సందు పూడ్చాం.
3. వంటింట్లో చక్కెర డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెడతామే, అలా బల్లకాళ్ళన్నిటినీ సబ్బునీళ్ళ గిన్నెల్లో నిలబెట్టాం. మొదటి రోజు చేయాల్సిన పని.
4. వారానికి రెండుసార్లు లెన్స్‌తో ప్రతి కాడా చూడటం. సెప్టెంబర్ 6 తర్వాత నల్లి కనపడలేదు.

పసుపు జిగురు అట్టలు పెట్టాం కదా అని ధైర్యంగా ఉన్నాం. రెక్కల్లేని ఆడ పిండినల్లి అట్ట దాకా ఎగురుతుందా?

దశ 8: సెప్టెంబర్. ఎర్ర ఆకు

క్రిమ్సన్-14లో ఒక కొమ్మ ఆకులు ఎర్రబడ్డాయి. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం ఎర్రగా, అచ్చం పుస్తకంలో లీఫ్‌రోల్ బొమ్మలాగే. రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు శాంపిల్ తీస్తుంటే కనిపించింది: కర్రకు కట్టిన ప్లాస్టిక్ తాడు ఆ కొమ్మను నొక్కేసి, బెరడు రెండువైపులా ఉబ్బి ఉంది. ఆకులో తయారైన చక్కెర కిందికి దిగే దారి మూసుకుపోతే ఆకు ఎర్రబడుతుంది. లీఫ్‌రోల్ కూడా చేసేది అదే, తాడు లేకుండా. పరీక్షలో నెగెటివ్, 18ఎస్ బాగానే ఉంది. తాడు కోసేశాం. ఆ పైన వచ్చిన ఆకులు పచ్చగా ఉన్నాయి. అన్ని మొక్కలకూ ప్లాస్టిక్ తాడు తీసి మెత్తటి బనీను గుడ్డ పీలికలు కట్టాం.

ఇదే నెలలో కాబర్నే ఫ్రాంక్ ఐదింటికీ పరీక్ష మళ్ళీ చేసి, శుభ్రమని తేలాక వాటి కొమ్మలతో పిల్లమొక్కలు చేసి, ఒక్కోదానికి అనుమానిత మొక్క నుంచి రెండేసి మొగ్గ చెక్కలు అంటించాం. 20లో 13 అతికాయి. ఇవి రెండు సీజన్లు చూడాల్సిన పరీక్ష. ఇప్పటికి చెప్పడానికేమీ లేదు. వీటిని పై లెక్కలో కలపలేదు.

దశ 9: అక్టోబర్ చివర, నవంబర్

పూల్స్ లేవు, 45 విడి శాంపిళ్ళు. తీగ మొదట్లోని మూడు ముదురు ఆకుల కాడలు, వాటితోపాటు బెరడు గీరి తీసిన లోపలి పొర.

లీఫ్‌రోల్-3 పాజిటివ్: 110ఆర్-03, 07, 12, 16. సీటీలు 24 నుంచి 27 మధ్య.

అప్పుడు జూన్ ఎలైజా కాగితం తీశాను. థాంప్సన్‌ను పక్కనపెట్టి కిట్ కంట్రోల్ 0.09తో గీత గీస్తే 0.18. ఆ గీత దాటినవి రెండే: 110ఆర్-07 రీడింగ్ 0.24, 12 రీడింగ్ 0.27. నంబర్లు ఐదు నెలలుగా నా సొరుగులోనే ఉన్నాయి. జూలై పూల్‌లోని 35.8 కూడా 07దే అయి ఉంటుంది. జూలైలో మేం కోసింది పైన లేత ఆకులు, వాటిలో వైరస్ ఇంకా పలచగా ఉంది.

రూట్‌స్టాక్‌లతో అసలు చిక్కు ఇదే. 110ఆర్ ఆకు మీద లీఫ్‌రోల్ లక్షణమే కనపడదు. నాలుగు మొక్కలూ గదిలో అందరికంటే ఏపుగా ఉన్నాయి. వేర్లతో పెకిలించి రెండు పొరల సంచుల్లో కడుతుంటే పెద్దాయన అడ్డం నిలబడ్డాడు. "ఎర్రబడ్డదాన్ని కట్టువిప్పి బతికిస్తిరి, పచ్చగున్నదాన్ని పీకుతున్రు. ఇదేం న్యాయం బిడ్డా?" తెర మీది గీతలు చూపించాను. "గీతలకేం తెలుసు" అన్నాడు గానీ సంచి మూతి తనే పట్టుకున్నాడు. 121 డిగ్రీల్లో అరగంట ఆటోక్లేవ్ చేసి, తనిఖీ అధికారి ముందు కాల్చి, రిజిస్టర్‌లో సంతకాలు తీసుకున్నాం.

లెక్క: 45లో తీసేసినవి 4. మిగిలినవి 41. 110ఆర్ 14.

దశ 10: జనవరి. ఐదోది

నవంబర్‌లో నాటిన 36 అనాబ్-ఎ-షాహీ గింజల్లో 11 మొలిచాయి. ఈసారి ఎలైజాలో వాటి రీడింగ్ 0.08 నుంచి 0.11. గీత ఎక్కడ గీయాలో మొదటిసారి సందేహం లేకుండా తెలిసింది. క్రిమ్సన్ 10, ఆటమ్ రాయల్ 12, కాబర్నే ఫ్రాంక్ 5: ఎలైజా, పీసీఆర్ రెండిట్లోనూ నెగెటివ్, 18ఎస్ అన్నిట్లో ఉంది. 110ఆర్-09 మాత్రం పాజిటివ్, సీటీ 29. నవంబర్‌లో అది నెగెటివ్.

09 ఎక్కడిది? రెండు దారులున్నాయి. ఒకటి, అది రోగమున్న తల్లితీగ పిల్లే, వైరస్ ఇంతకాలం పలచగా ఉండి ఇప్పుడు చిక్కబడింది. రెండు, ఆగస్టులో నల్లి కనిపించిన 11వ కుండీకి అది రెండు కుండీల అవతలే ఉంది, గదిలోనే అంటుకుంది. దారాల రంగు తెలిసి ఉంటే మొదటిదో కాదో చిటికెలో తేలేది. పాజిటివ్‌లన్నీ నీలం కట్టవే అయితే తెల్ల కట్టను దక్కించుకోవచ్చు. ఆ దారాలు విప్పింది నేనే. చీమల సందు చూడనిదీ నేనే. ఈ రెంటిలో ఏ ఒక్కటి జరగకపోయినా మిగిలిన 13 మొక్కల గురించి ఏదో ఒకటి చెప్పగలిగేదాన్ని.

సారు 13ను ఇంకో సీజన్ ఉంచి చూద్దామన్నారు. రూట్‌స్టాక్ అంటే ఒక్కో మొక్క నుంచి వందల కటింగులు పోతాయి, ప్రతిదాని మీదా ఒక రైతు ద్రాక్ష అంటుకడతాడు, ఒక్కటి తప్పినా తోట తోటంతా మోయాలి అని చెప్పాను. పైగా అవి అదే గదిలో ఉన్నంతకాలం శుభ్రమైన 27కూ ముప్పే. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "కాల్చెయ్యండి" అని మెసేజ్ పెట్టారు.

లెక్క: 41లో 110ఆర్ 14 మొత్తం తీసేశాం. మిగిలినవి 27.

ఫిబ్రవరి చివర లేత ఆకులు రాగానే ఫ్యాన్‌లీఫ్‌కు రెండో విడత ఉంది. 110ఆర్‌కు కొత్త పర్మిట్ దరఖాస్తు వెళ్ళింది. సరఫరాదారుకు రాసిన ఉత్తరంలో ఒక్కో తల్లితీగ కటింగులు విడి సంచీలో, ప్రతి కటింగుకూ లోహపు చీటీతో పంపమని అడిగాను. ఇక్కడ 20 అల్యూమినియం రేకులు కోసి, నంబర్లు గీసి సిద్ధంగా పెట్టుకున్నాం. మేకుతో గీసింది పెద్దాయన. 7 అంకెను ఆయన తిరగేసి గీస్తాడు, నాలుగు రేకులు మళ్ళీ గీయించాలి.